వెలి పడిన గూడు

నమోదు 1. సోమవారం. ఎండ, పడమటి గాలి.

పొద్దున్నే షెడ్డు కప్పు ఎక్కి సోలార్ పలక మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం మా పాత ఊరిని మింగి మమ్మల్ని ఈ గుట్ట మీదికి తరిమింది కానీ దాని ఉప్పు మాత్రం మమ్మల్ని వదల్లేదు. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే పలక తెల్లగా గట్టిపడుతుంది, గూడు మూగబోతుంది.

గూడు అని మేం పిలుచుకునేది ఈ కప్పు మీది పెట్టెనీ, దాని పక్కనున్న ఇనప స్తంభాన్నీ. తాటిమెరక కాలనీ జనం ఫోన్లలో రాసుకునేదంతా ఇందులోకి వస్తుంది, ఇక్కడినుంచి తీరం పొడవునా ఉన్న మిగతా మెరక కాలనీల గూళ్ళకి వెళుతుంది. ఏ ఊరి గూడు ఆ ఊరిదే. పైన యజమాని లేడు. బోట్లలో చిన్న పెట్టెలు పెట్టాం; సముద్రం మీద ఉన్నవాళ్ళ మాటని ఏ స్తంభం దగ్గరగా ఉంటే అది అందుకుని మిగతావాటికి చేరుస్తుంది.

చూసుకునే బాధ్యత నాది. నా పేరు మేరుగు నూకరత్నం. బోటు ఇంజన్లలో కరెంటు పని చేసి బతుకుతాను. రేపు నా బదులు ఇంకొకరు ఈ కప్పు ఎక్కాల్సి వస్తే వాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఇవాళ ఇంకో రెండు కుటుంబాలు గూటిలో చేరాయి. కాలనీలో పావు వంతు జనం కూడా కాలేదు ఇంకా. మిగతా అందరూ ముంగిలి అనే పెద్ద కంపెనీ యాప్‌లోనే ఉన్నారు. చుట్టాల ఫొటోలు, చేపల ధరలు, బడి కబుర్లు, ఫోను మాటలు అన్నీ ఆ కంపెనీ ముంగిలిలోనే. ఎవరికి ఏది కనపడాలో అదే తేలుస్తుంది. పోయిన ఏడు తుఫానుకి ముందు, నీళ్ళ రంగు మారింది, ఎవరూ వెళ్ళొద్దు అని మా కాలనీ ముసలి జాలరి పోలయ్య తాత ముంగిలిలో పెట్టాడు. పుకారు అనుకుని ముంగిలి దాన్ని దాచేసింది. మా తమ్ముడు ధనరాజు ఆ పూట ఎవరి పెళ్ళిలోదో డాన్సు చూసి నవ్వుకుంటూ రేవుకి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అందుకే ఈ గూడు.

మా అక్క కాసులమ్మని చేరమని ఇవాళ మళ్ళీ అడిగాను. అక్క చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు.

"అక్కడ ఎవరున్నారే? నువ్వూ, నీ డబ్బా. నా కూతురు పారదీప్‌లో ఉంది, మా ఆడపడుచులు సూరత్‌లో ఉన్నారు. ఆళ్ళందరూ ముంగిల్లో ఉంటే నానొక్కదాన్నీ నీ డబ్బాలో కూకుని ఎవరితో మాటాడను?"

ఆవిడ అన్నది నిజమే. ఆవిడ రాదు కాబట్టి కూతురు రాదు, కూతురు రాదు కాబట్టి ఆవిడ రాదు. ప్రతి ఇంట్లోనూ ఇదే ముడి.

అక్క భర్త సత్తెయ్య బావ మాత్రం గూటిలో ఉన్నాడు. బోటుకి సరంగు, నడిపేది ఆయనే. ధనరాజుని పోగొట్టుకున్న తుఫానులోంచి తను ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలియదు. పెట్టె లేకుండా సముద్రం మీదికి వెళ్ళనంటాడు.


నమోదు 2. గురువారం.

పోలయ్య తాత గూటిలోంచి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోవడం కాదు, లోపలికి రాలేకపోయాడు.

చేరేటప్పుడు ప్రతివాళ్ళకీ పన్నెండు మాటలు వస్తాయి. కొబ్బరి, గొడుగు, నెమలి, ఇలాంటివి. అవే తాళంచెవి. ఫోను మారితే ఆ మాటలు వరసగా చెప్పాలి. తాతకి కాగితం మీద రాసి, గోడకి మేకు కొట్టి మరీ తగిలించాను. నిప్పుపెట్టె తడిసిన రోజున ఆ కాగితాన్ని పొయ్యిలో ముట్టించి చుట్ట వెలిగించుకున్నాడు. ఇప్పుడు ఫోను పాడై కొత్తది కొన్నాడు.

నువ్వే కదా దీన్ని చూసుకునేది, తలుపు తియ్యి అన్నాడు. నా దగ్గర కూడా తాళంచెవి ఉండదు తాతా, అలా ఉండకూడదనే ఇది కట్టాం అని చెప్పాను. ముంగిలికైతే మొహం చూపిస్తే చాలు, గుర్తుపట్టి లోపలికి పిలుస్తుంది, నువ్వు మాత్రం పుట్టినప్పటినుంచి చూస్తున్న మనిషిని బయట నిలబెడతావా అని అడిగాడు. కోపంగా కూడా అనలేదు. బాధపడ్డాడు.

కొత్త పేరుతో మళ్ళీ చేరమన్నాను. అప్పుడు పాత తాత రాసిన గాలి కబుర్లు, నీళ్ళ కబుర్లు అన్నీ ఎవరివో అయిపోతాయి. వద్దులే అన్నాడు. తీరం మొత్తంలో నీళ్ళ గురించి ఆయనంత తెలిసినవాళ్ళు లేరు. ఆయన మాట కోసమే సగంమంది గూటిలో చేరారు.


నమోదు 3. ఆదివారం. ఉక్క.

ఇవాళ చేతులు కడుక్కున్నా కడుక్కున్నట్టు లేదు.

దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు దాటితే రాళ్ళమెరక. వాళ్ళకీ మాకూ వలల హద్దు దగ్గర పాత తగాదా ఉంది. మా కొండబాబు, పాతికేళ్ళ వాడు, సొంత బోటు ఉంది, నోటికి అదుపు లేదు. తన వల కోసేశారని రాళ్ళమెరక వాళ్ళని గూటిలో తిట్టడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. అక్కడి గూడు చూసుకునే సూరాడ గురయ్య మాస్టారి మనవరాలు గౌరీశ్వరి, వల కోసింది మా వాళ్ళు కాదని మర్యాదగా జవాబు రాసింది. దానికి కొండబాబు ఆ పిల్ల గురించి రాసిన మాటలు నేనిక్కడ రాయను.

చూసిన వెంటనే తుడిచేశాను. అప్పటికే అవి గూళ్ళన్నిటికీ పాకిపోయాయి. మా గూటిలో తుడిస్తే మిగతా గూళ్ళలో పోవు. ఒక్కొక్క ఊరి గూడు చూసుకునే మనిషినీ విడివిడిగా బతిమాలుకోవాలి. ముగ్గురు తుడిచారు. ఒకాయన సెలవులో ఉన్నాడు. ఒకాయన, మీ ఊరి చెత్త మేమెందుకు ఎత్తాలి అన్నాడు.

గురయ్య మాస్టారు నాకు రాశారు. కొండబాబుని గూటిలోంచి పంపించెయ్యమన్నారు. నాకూ అదే సబబనిపించింది. కానీ గూడు నా ఒక్కదానిది కాదు కనక పెద్దలని కూర్చోబెట్టాను. కొండబాబు మేనమామ అందులో ఉన్నాడు. కుర్రాడు తప్పన్నాడు కానీ, వెళ్ళగొడితే వాడి బోటులో పెట్టె కూడా పోతుంది, రేపు వాడికి సముద్రం మీద ఏదన్నా అయితే ఎవరిది పాపం అన్నాడు. ఆ మాటకి నాకు ధనరాజు గుర్తొచ్చాడు. పంపెయ్యాలని పట్టుపట్టలేదు. హెచ్చరించి వదిలెయ్యాలని తేల్చారు.

అదే మాట మాస్టారికి రాసి పంపాను. సాయంత్రానికల్లా రాళ్ళమెరక గూడు మా గూటిని వెలేసింది. వెలి అన్నది మావాళ్ళు పెట్టుకున్న పేరే. ఒక గూడు ఇంకో గూటి మాట వినకుండా తలుపు వేసేసుకోవడం. కొండబాబు ఒక్కడి నోరు మూయడానికి మా అందరి నోళ్ళూ మూశారు.

మాస్టారిని తప్పు పట్టలేను. ఆ పిల్ల ఇల్లు కదలడం లేదట.


నమోదు 4. బుధవారం.

వెలి సంగతి తెలిసినప్పటినుంచీ జనం జారిపోతున్నారు. రాళ్ళమెరకలో ఆడపిల్లనిచ్చిన వాళ్ళు, అక్కడినుంచి కోడల్ని తెచ్చుకున్న వాళ్ళు మాలో చాలామంది. వాళ్ళ మాట అక్కడికి చేరనప్పుడు ఈ గూడు ఎందుకు? ముంగిలిలోనైతే ఒక్క యజమాని తలుపు వేస్తాడు, ఇక్కడ ఎవడికి కోపమొస్తే వాడు వేస్తాడు, దీనికంటే అదే నయం అని రేవు దగ్గర ఒకామె నా మొహం మీదే అంది. ఆవిడ చెల్లెలు రాళ్ళమెరకలో ఉంది.

ఐసు షెడ్డు పక్కన ఒక పెట్టె కనిపించింది. ఎవరో బోటులోంచి ఊడదీసి, దానిమీద టీ గ్లాసులు బోర్లించారు. తీసుకొచ్చి తుడిచి లోపల పెట్టాను.

బావ ఇవాళ దక్షిణానికి వెళుతున్నాడు, కోనం చేపలు పడుతున్నాయని. బోటులో ఆయనతో కలిపి నలుగురు. వెళ్ళేముందు వచ్చి పెట్టె చూడమన్నాడు. తీగ కొంచెం వదులుగా ఉంటే బిగించాను. కొండముక్కు దాటాక మన స్తంభం అందదు కదా, రాళ్ళమెరకదే దిక్కు, వెలి వల్ల ఇబ్బందేమీ లేదా అని అడిగాడు. వెలి అంటే కబుర్లకే బావా, బోట్ల మాటకి కాదు అని చెప్పాను. అలాగే అనుకున్నాను. అలాగే ఉంటుందని నమ్మాను.

అక్క ఆయనకి టిఫిన్ డబ్బా ఇచ్చి, పారదీప్‌లో ఉన్న పెద్దదాని సీమంతం ఫొటోలు ముంగిలిలో వచ్చాయి, చూసి వెళ్ళమంది. ఇద్దరూ ఒకే ఫోనులో తలలు కలిపి చూశారు.


నమోదు 5. శనివారం. మధ్యాహ్నం నుంచి గాలి.

పొద్దున ఉత్తరాది గూళ్ళ నుంచి వరసగా కబురు వచ్చింది. లోతు సముద్రంలో ఉన్న బోట్ల దగ్గర గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది, అలలు రెండు వైపుల నుంచి వస్తున్నాయి. వాయుగుండం. ముంగిలి తెరిచి చూశాను. మీ ప్రాంతంలో వాతావరణం సాధారణం అని ఉంది, పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ.

గూటిలో హెచ్చరిక పెట్టాను. ముంగిలిలోనూ పెట్టాను. ముంగిలిలో పెట్టినదాన్ని అక్క ఫోనులో వెతికితే కనపడలేదు. ఇంకో ఇంట్లో వెతికాను. అక్కడా లేదు. అప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా ఇల్లిల్లూ తిరిగాను. తలుపులు కొట్టాను. నువ్వు ప్రతిదానికీ భయపెడతావే అని ఒకాయన విసుక్కున్నాడు. పోలయ్య తాత మాత్రం గడపలో నిలబడి ఆకాశం చూసి, నా మాట నిజమని కేకవేసి చెప్పాడు. అప్పుడు కదిలారు.

పెట్టెలున్న బోట్లకి కబురు అందింది. కొండబాబు బోటుతో సహా అవన్నీ మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. పెట్టెలు తీసేసిన బోట్లు రెండు, గాలిని చూసి వాటంతటవే వచ్చాయి. ఒక్క బావ బోటు తప్ప అన్నీ ఒడ్డున ఉన్నాయి.

ఆయన పెట్టెకి పంపిన హెచ్చరిక పక్కన, అందినట్టు చూపే గుర్తు పడలేదు. మళ్ళీ పంపాను. మళ్ళీ. తీగ ఊడిందేమో అనుకున్నాను, నేనే కదా బిగించింది అనుకున్నాను. అప్పుడు లోపలి వివరాలు తెరిచి చూశాను. నేను పంపినవన్నీ రాళ్ళమెరక స్తంభం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతున్నాయి. వెలి పడ్డ ఊరి మాట కాబట్టి అది పక్కన పడేస్తోంది, ముందుకి పంపడం లేదు. మనిషి కబురో, బోటు కేకో దానికి తేడా తెలియదు. ఆ తేడా చూడమని దానికి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

బావ ఆ స్తంభం కిందే ఉన్నాడు. ఆయన అరిచినా నాకు వినపడదు, నేను అరిచినా ఆయనకి వినపడదు.


నమోదు 6. ఆదివారం. వాన తగ్గింది, గాలి తగ్గలేదు.

గాలికి ఉత్తరాది గూళ్ళు కూడా మూగబోయాయి, గురయ్య మాస్టారికి కబురు పంపడానికి నాకు మిగిలిన దారి ముంగిలి ఒక్కటే. దాని మీద కోపంతో గూడు కట్టినదాన్ని, దాని గడప దగ్గరే చెయ్యి చాచాను. మాస్టారూ, వెలి తియ్యండి, మా బోటు మీ స్తంభం కింద ఉంది అని రాశాను. ముంగిలిలో మా ఇద్దరికీ పరిచయం లేదు కాబట్టి నా మాటని తెలియనివాళ్ళ గుట్టలో పడేసింది. ఫోను చేస్తే, అదీ ముంగిలి ద్వారానే కదా, మోగనే లేదు. ఆ తర్వాత టవరే పడిపోయింది.

అక్క పొద్దుటినుంచి షెడ్డులో నా వెనకాలే కూర్చుంది. ఏం తిన్లేదు. చివరికి, ఆ ఊరు నడిచి ఎల్లలేమా అంది. దారి కొట్టుకుపోయింది, కొండ మీదినుంచి వెళ్ళాలి అన్నాను. అయితే పద అంది.


నమోదు 7. సోమవారం. రాళ్ళమెరకలో కూర్చుని రాస్తున్నాను.

కొండ దాటేసరికి ఇద్దరం మోకాళ్ళ దాకా బురద. అక్క రెండుసార్లు జారిపడింది, లేచి నడిచింది.

మాస్టారి ఇల్లు బడి పక్కనే. ఆయన వసారాలో కూలిన రేకులు ఏరుతున్నారు. బక్కపలచని మనిషి. మా ఊరి పేరు వినగానే ఆయన మొహం ముడుచుకుపోయింది. జరిగింది చెప్పాను. మొదట ఆయన వినిపించుకోలేదు, తన గుండెల్లో ఉన్నదే ముందు బయటికి వచ్చింది.

"మీ కుర్రాడు రాసింది నీకు గుర్తుందా అమ్మా? మా పిల్ల ఆవేళ నుంచి గడప దాటలేదు."

"తుడిచాను మాస్టారూ."

"తుడిచావు. వాణ్ణి ఉంచుకున్నావు."

అప్పుడు అక్క ముందుకొచ్చింది. చేతులు జోడించలేదు, ఏడవలేదు. మామూలుగా, ఇంటిపక్కవాళ్ళని చేటో జల్లెడో అడిగినట్టు అడిగింది.

"బాబూ, నాకీ గూళ్ళూ గీళ్ళూ తెలవ్వు. మా ఆయన మాట మీ ఇంట్లో ఉండిపోయిందంట. అది ఇప్పించండి, ఎల్లిపోతాం."

మాస్టారు చేతిలోని రేకు కింద పెట్టి లోపలికి రమ్మన్నారు. పెట్టె బడి గదిలో ఉంది. వెలి తీసే చోటు ఆయనకి వెంటనే దొరకలేదు. నేను చూపించాను.

ఆ పెట్టె ఆపి ఉంచినవన్నీ ఒక్కసారిగా కదిలాయి. నా హెచ్చరికలు అటు, బావ మాటలు ఇటు. బావవి చదివి వినిపించమంది అక్క. చదివాను.

రత్నం, గాలి తిరిగింది, వింటన్నావా.

ఇంజన్లోకి నీళ్ళొచ్చేశాయి. దీపస్తంభం ఎడంపక్కన కనపడతంది.

రాళ్ళమెరకోళ్ళు ఎవరన్నా ఉంటే. తాటిమెరక బోటు. నలుగురం ఉన్నాం. మావోడు రాసిన దానికి మేం సిగ్గుపడతన్నాం. రండి.

దక్షిణానికి కొట్టుకుపోతన్నాం. ఊటగెడ్డ మొగ దాటేం.

రత్నం, వింటన్నావా.

చివరిది: రత్నం, మీ అక్కకి సెప్పు. పెద్దదానికి ఇప్పుడే ఏం సెప్పొద్దను. కడుపుతో ఉంది.

అక్క ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను. సరే అంది. బావ ఎదురుగా కూర్చుని చెప్పిన పనికి ఒప్పుకున్నట్టే సరే అంది.

మాస్టారు బయటికి పరుగెత్తారు. ఆ వయసులో ఆయన అంత వేగంగా పరుగెత్తగలరని నేననుకోలేదు. ఊటగెడ్డ సముద్రంలో కలిసే మొగ అని చోటు పేరు తెలిసింది కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది. రాళ్ళమెరక బోట్లు మూడు కదిలాయి. మా వాళ్ళతో వల కోసం కొట్టుకున్నవాళ్ళే వెళ్ళారు.


నమోదు 8. మంగళవారం.

ముగ్గురు దొరికారు. బోల్తాపడ్డ బోటుకి తాడుతో కట్టుకుని ఉన్నారు, పెదాలు పగిలి, మాట రాకుండా. బావ లేడు.

ముగ్గురిలో ఎర్రన్న అనే అతను మాట వచ్చాక నన్నే పిలిపించాడు. అలలు పెరిగాక బావ కాబిన్‌లోంచి రాలేదట. స్తంభం అందాలని పెట్టెని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నాడట.

"ఒదిలెయ్ మావా, తాడు కట్టుకో అన్నాం. ఇన్లేదు. రత్నం ఇంటది, ఇంకాసేపట్లో ఇంటది అన్నాడు."

నేను విన్నాను బావా. ఆలస్యంగా విన్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.


నమోదు 9. శుక్రవారం. తాటిమెరక.

టవర్ వచ్చింది. ముంగిలి లేచింది.

మా కాలనీలోనే ఎవరో బావ ఫొటో పెట్టారు. చెడ్డ బుద్ధితో కాదు, దుఃఖంతోనే. పోయిన ఏడు ప్రాణం కాపాడే కబురుని దాచిన ముంగిలి దీన్ని మాత్రం దాచలేదు. ఏడుపు పాట తగిలించి, తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ ప్రతి ఫోనుకీ పంపింది. లక్షల మంది దండాలు పెట్టారు. పారదీప్‌లో అక్క కూతురు తలదువ్వుకుంటూ ఫోను తెరిచింది. మొదట కనపడింది అదే.

అక్క ఆ పిల్లకి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అల్లుడితో మాట్లాడుకుని పెట్టుకుంది. అదంతా వృథా అయింది. పిల్ల అక్కడికక్కడే పడిపోయింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది, గాజుపెట్టెలో ఉంచారు. తల్లికి పరవాలేదన్నారు. బిడ్డ గురించి ఇంకా ఏమీ అనడం లేదు.

ఆయన నన్ను కోరింది ఒక్కటే అంది అక్క. గోడకి ఆనుకుని ఆ మాట చాలాసార్లు అంది.


నమోదు 10. ఆదివారం.

ముంగిలి కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. మా స్తంభాన్నీ బోట్లలో పెట్టెలనీ ముంగిలిలో కలిపేసుకుంటారట. పన్నెండు మాటలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మొహం చూపిస్తే చాలు. వెలులు ఉండవు. ఉన్న చోటికే అన్నీ వస్తాయి. ఇంకో మాట కూడా అన్నాడు, గొంతు తగ్గించి. సత్తెయ్యగారి చివరి మాటలు మీ పెట్టెలో ఉన్నాయని విన్నాం, అవి ఇస్తే ఆయన పేరు మీద మంచి జ్ఞాపకం తయారు చేస్తాం, ప్రపంచమంతా చూస్తుంది.

సాయంత్రం వలల షెడ్డులో అందరూ కూర్చున్నారు. నన్ను మాట్లాడమన్నారు. వెలిని ఒక ఊరి మీద కాకుండా ఒక మనిషి మీద వెయ్యొచ్చు, బోటు కేకని ఏ వెలీ ఆపకుండా చెయ్యొచ్చు, అన్ని గూళ్ళనీ అడుగుతున్నాను అన్నాను. ఎన్ని ఒప్పుకున్నాయి అని కొండబాబు మేనమామ అడిగాడు. రాళ్ళమెరక ఒప్పుకుంది అన్నాను. మిగతావి? ఇంకా జవాబు ఇవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అప్పుడు అక్క లేచింది.

"మా ఆయన మాట ఆరికి ఇవ్వను. అది జనం సూడ్డానికి ఆయన సెప్పలేదు. రత్నానికి సెప్పాడు, నాకు సెప్పమని. ఆ డబ్బా ముంగిలోళ్ళ సేతికెల్తే నా కూతురు మళ్ళీ సూస్తాది."

అక్క మీద గౌరవంతో మిగతావాళ్ళు, బావ మాటలు తుడిచేశాకే ఇద్దాం అన్నారు. స్తంభం మాత్రం ముంగిలికి ఇవ్వాలని చేతులెత్తారు. కొండబాబు చెయ్యి ఎత్తలేదు. అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. వద్దన్నవాళ్ళం అక్క, నేను, పోలయ్య తాత, బోల్తా బోటులోంచి వచ్చిన ముగ్గురు, ఇంకో నాలుగైదు ఇళ్ళవాళ్ళు.

వాళ్ళని తిట్టలేను. అలసిపోయారు. బంధువులు ఎక్కడుంటే అక్కడ ఉండాలనుకోవడం నేరం కాదు. నేను వాళ్ళని పిలిచింది సగం కట్టిన ఇంట్లోకి. ఆ ఇంట్లో నా బావ చనిపోయాడు.

స్తంభం కాలనీది. పెట్టె మాత్రం నేను నా చేత్తో చేసింది. దాన్ని ఊడదీసి గుడ్డలో చుట్టాను.


నమోదు 11. బుధవారం. రాళ్ళమెరక.

పెట్టెని నేనూ, అక్కా మార్చి మార్చి మోసుకుంటూ కొండ దాటాం. మాస్టారు బడి కప్పు మీద చోటిస్తానని కబురు పంపారు. కొండముక్కు ఈవలి నుంచి చూస్తే మా రేవు కూడా ఈ స్తంభానికి కాస్త అందుతుంది. పూర్తిగా కాదు.

మెట్ల దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. పొట్టిగా, నూనె రాసి గట్టిగా బిగించిన జడతో. నేను ఎప్పుడూ చూడలేదు కానీ చూడగానే ఎవరో తెలిసింది. ఆ అమ్మాయి మీద పడ్డ మాటలు మా గూటిలోంచే వెళ్ళాయి. ఇప్పుడు అదే గూటిని చంకన పెట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి వచ్చాను.

క్షమించమని అడగబోయాను. గౌరీశ్వరి చెయ్యెత్తి ఆపింది.

"తాతయ్య ఇక కప్పు ఎక్కలేరు. ఇది నేను చూసుకుంటాను," అంది. పెట్టెని చూపించి, "మీ కొండబాబు ఉంటాడా ఇందులో?"

ఉంటాడని చెప్పాను. అబద్ధం చెప్పలేను. నిన్న చీకటి పడకముందే కొండబాబు మా ఇంటికి వచ్చి, నా బోటులో పెట్టె తియ్యొద్దు అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ముంగిలి వద్దన్నాడో, కావాలన్నాడో చెప్పలేదు.

ఆ అమ్మాయి సముద్రం వైపు చూసింది. అలలు తగ్గాయి కానీ నీళ్ళింకా మట్టిరంగులోనే ఉన్నాయి.

"ఆడు రాసింది ముందు నేను చదూతాను. పిచ్చి కూత రాస్తే ఆడి నోరు మూస్తాను. బోటు మునిగిపోతందని రాస్తే ఆడిదైనా పంపుతాను. సరేనా?"

సరేనన్నాను.

పెట్టెని నా చేతుల్లోంచి అందుకుంది. బరువుకి ఒక అడుగు వెనక్కి వేసి, నిలదొక్కుకుంది. అక్క వెంటనే రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ మెట్లెక్కుతున్నారు, కింద చూసుకోమ్మా, తడిగా ఉంది అంటోంది అక్క. నేను తీగ చుట్ట భుజాన వేసుకుని వాళ్ళ వెనకాల ఎక్కాను.